సాయమ్మ ఫారంలో నేను పెట్టిన టిక్కు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా ముఖం చూడరు కనుక చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను క్యాంపస్‌లో పరిశోధన చేస్తున్నాను. తార్నాక చౌరస్తాలో జనం రోడ్డు ఎలా దాటుతారన్నది నా అంశం. రోజూ సాయంత్రం ఫారాలు పట్టుకుని నిలబడి, ఎవరు సిగ్నల్ కోసం ఆగారో, ఎవరు పరుగెత్తారో రాసుకునేదాన్ని. మా హాస్టల్లో ఊడ్చే సాయమ్మ, పేరు మార్చాను, గోల్నాక బస్సు కోసం అక్కడే దాటేది. చుట్టూ అందరూ ఉరుకుతున్నా, పచ్చ బొమ్మ వెలిగేదాకా ఆమె కదిలేది కాదు.

ఒకరోజు ఆమెను అడిగి ఫారం నింపాలి. ఆమె డివైడర్ మీద ఉంది, నేను ఇవతల ఫుట్‌పాత్ మీద. నాకు కాళ్లు లాగుతున్నాయి. గదికి పోవాలని తొందర. ఇంతేనా కారణం? ఇంతే. ఇంతకన్నా పెద్దది దొరుకుతుందేమోనని చాలాసార్లు వెతికాను.

“సాయమ్మా, వచ్చెయ్! బండ్లేం వస్తలేవు!” అని కేకేశాను.

“ఎర్రగున్నది గదా మేడం!”

“నేను చూస్తున్న గదా! ఉరికి రా!”

ఆమె నా ముఖం చూసింది. రోడ్డు చూడలేదు. ఎందుకు చూస్తుంది, నేను చూస్తున్నానని చెప్పాక? ఆగి ఉన్న బస్సు చాటు నుంచి బైకు వచ్చింది.

తుంటి ఎముక విరిగింది. కానిస్టేబుల్ వచ్చి ఎట్లయిందని అడిగితే, “సిగ్నల్ చూడకుండ ఉరికింది సార్” అన్నాను. భయంలో నోరు జారిందనుకోండి. కానీ మర్నాడు మధ్యాహ్నం, భోజనం చేసి, చేతులు కడుక్కుని, ఆమె ఫారంలో ‘తొందరపాటు’ అన్న గడిలో టిక్కు పెట్టానే, అప్పుడు ఏ భయం ఉంది? తర్వాత నా సిద్ధాంత గ్రంథంలో ఆమె ఒక ఉదాహరణ అయింది. నాకు డాక్టరేట్ వచ్చింది.

మూడు వారాలకు పళ్లు పట్టుకుని గోల్నాక వెళ్లాను. నిజం చెప్పడానికే వెళ్లానని నమ్మాలని ఉంది. ఆమె కూతురు నాకు చాయ్ ఇచ్చి, తల్లి మీద విరుచుకుపడింది. “గింత వయసొచ్చింది, సిగ్నల్ చూసుకోవా? ఇప్పుడు నిన్నెవరు లేపాలె, ఎవరు కూసోబెట్టాలె?”

మంచం మీది నుంచి సాయమ్మ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను చాయ్ తాగుతూ ఉన్నాను.

“మేడం ఆగమనే చెప్పింది,” అంది చివరికి. “నేనే ఇనలే.”

నన్ను కాపాడిందా? సిగ్గుపడతానేమోనని చూసిందా? మళ్లీ హాస్టల్లో పనికి రానిస్తారో లేదోనని నా మీద ఆశ పెట్టుకుందా? తెలియదు. నేను కప్పు కింద పెట్టి, జాగ్రత్త అని చెప్పి వచ్చేశాను. ఆమె మళ్లీ పనికి రాలేదు. నేను మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు ఉందో లేదో కూడా కనుక్కోలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఇది కాగితం మీద పెట్టాక గుండె కొంచెం నెమ్మదించింది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది. సాయమ్మ తొందరపడలేదు. ఆగే ఉంది. నేనే పిలిచాను.