షాహీన్ మేడం చేసిన ముయ్యి

ఎండు వేరుశనక్కాయను బొటనవేలితో నొక్కినప్పుడు వచ్చే చిన్న చప్పుడు వింటే చాలు, నాకు ఇంగ్లీషు గ్రామరు గుర్తొస్తుంది. మొన్న సంతలో ఒక కాయ వలిచి చూస్తుంటే షాహీన్ మేడం గొంతు చెవిలో మోగింది. కళ్యాణదుర్గం దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆమె ఇంగ్లీషు చెప్పేవారు. ఇప్పుడు నేనూ అదే పాఠం చెప్పుకుని బతుకుతున్నాను, బాగానే చెబుతాను కూడా. ఆమె లేకపోతే మాత్రం బెంగళూరులో ఇటుకలు మోస్తూ ఉండేదాన్ని.

పదో తరగతిలో ఇంగ్లీషు ఒక్కటే తప్పాను. జూన్‌లో మళ్ళీ రాసే పరీక్ష కూడా పోతే చిన్నాయన వాళ్ళతో బెంగళూరు పనికి పోవాల్సిందేనని నాయన తేల్చేశాడు. చదువుకుందామంటే తీరికేది? విత్తనం కాయలు వలిచే రోజులవి. మిషనుకు వేస్తే గింజ పగులుతుందని ఇంటిల్లిపాదీ చేత్తోనే వలిచేవాళ్ళం. సంగతి తెలిసి ఒక సాయంత్రం మేడం మా ఇంటికి వచ్చారు.

"అన్నా, పాపను దినామూ ఒక గంట నాకియ్యి."

"పని ఎవరు చేస్తారమ్మా?" అన్నాడు నాయన, మొహమాటం లేకుండా.

"ముయ్యికి నేనొస్తా. ఆ గంట పాప కాయలు నేను వొలుస్తా."

మా వైపు ఒకరి పనికి మనం పోతే వాళ్ళు మన పనికి రావాలి. అదే ముయ్యి. ఆ మాట వచ్చాక కాదనడం ఏ రైతుకూ చేతకాదు. "నీకు వొలిచేది వస్తాదా?" అని మాత్రం అడిగాడు నాయన. "పాపకు ఇంగ్లీషు వచ్చినంత వస్తాది," అన్నారామె. అమ్మ నవ్వాపుకోలేకపోయింది.

మర్నాటి నుంచి ఆమె వలిచేవారు, నేను చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని. నిన్న నాకు ఆకలైంది అని చెప్పమంటే "ఐ హంగ్రీడ్" అనేదాన్ని. ఆమె భయపడుతుంది అంటే "షీ అఫ్రెయిడ్స్". మేడం నా రోగం ఇట్టే పట్టేశారు. "మనకు ఆకలయ్యేదీ, భయపడేదీ పనులే పాపా. ఇంగ్లీషోళ్ళకు అవి మనిషి ఎట్లుండాడో చెప్పే మాటలు. నిన్నకొక తీరు, ఈ పొద్దుకొక తీరు మారేది వెర్బ్. అడ్జెక్టివ్ అట్ల మారదు, దానికి తోడు ఒక ‘వాజ్’ను నిలబెట్టాల." స్లీప్ ఏది, స్లీపీ ఏది అని అడిగేవారు. తప్పు చెబితే తిట్టకుండా మళ్ళీ అదే అడిగేవారు. వారం తిరిగేసరికి ఆమె వేళ్ళు బొబ్బలెక్కాయి. గుడ్డపేలికలు చుట్టుకుని వచ్చారు గానీ మానలేదు. ఆమె వలిచిన గింజల్లో సగం పగిలేవి. నాయన వాటిని చట్నీకని పక్కన పెట్టించేవాడే తప్ప ఒక్క మాట అనలేదు. ఆ పేలికలు చూసినప్పటి నుంచే ఆమె అంటే నాకు ప్రాణం.

పరీక్ష ముందురోజు సాయంత్రం వాన పడింది. మా నేలలో తొలి పదును ఆరకముందే విత్తాలి, లేదంటే ఆ ఏడు పంట మీద ఆశ వదులుకోవాలి. గొర్రు వెనక విత్తనం వేసేది నేనే. ఇక నా చదువు అయిపోయిందనుకుని, తెల్లారి పుస్తకం మూసి విత్తనం బుట్ట ఎత్తుకున్నాను. ఎడ్లను తోలుకొస్తున్న నాయన ఆగాడు.

"యాడికి?"

"చేనికి, నాయనా."

"ఆయమ్మ కాయలూ వొలిచింది, పాఠమూ చెప్పింది. మనం తిరిగి ఏం చేసినాం? బుట్ట ఆడ పెట్టి పోయి రాసి రా. విత్తనం మీయమ్మ వేస్తాది."

నేను పాసయ్యాను. ఇప్పుడు నా క్లాసులో ఒక పిల్ల వరసగా రావడం మానేస్తే, ఎందుకు రాలేదని అడగను. వాళ్ళింటికి వెళ్ళి, ఏం పని మిగిలి ఉందో కనుక్కుని, కొంగు దోపుకుని కూర్చుంటాను.