ఒకటి నొక్కిన ఓబుళమ్మ

ఈ ఉదయం ఆఫీసులో ఎవరో ఉగ్గాణి పొట్లం విప్పారు. తిరగవాత పట్టిన నానిన బొరుగులు, పక్కన వేడి తగ్గని మిరపకాయ బజ్జీలు. కడపలో ఆ వాసన కొత్తేమీ కాదు. అయినా నాకు కర్నూలులో ఒక ఇరుకు మెట్లదారి గుర్తుకొచ్చింది. కింద ఉగ్గాణి హోటలు, పైన మా కంపెనీ. మెట్లెక్కేసరికి చీర కొంగుకు ఆ వాసన అంటుకునేది. పైన కిటికీ పక్క బల్ల దగ్గర వహీదా మేడం కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, మేం రాసిన ప్రోగ్రాములను పైకి చదువుతూ కూర్చుని ఉండేవారు.

పైకి చదవడమంటే నిజంగా గొంతు విప్పి చదవడమే. మేం పని చేసే ప్రోగ్రామింగ్ భాష పేరు రూబీ. ప్రోగ్రాము సరిగా నడుస్తోందో లేదో చూసే పరీక్షలు కూడా మేమే రాసుకోవాలి. రూబీలో రాస్తే అవి దాదాపు మామూలు ఇంగ్లీషు వాక్యాల్లాగే ఉంటాయి. మేడం వాటిని ఇంటికొచ్చిన ఉత్తరం చదివినట్టు చదివేవారు. పడుచు వయసులో ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు కాల్సు కలిపే ఆపరేటరు. ఆ పనికి కాలం చెల్లుతుందని ముందే కనిపెట్టి, నలభై దాటాక కంప్యూటరు నేర్చుకుని, చివరికి ఎనిమిది మందితో ఈ కంపెనీ పెట్టుకున్నారు. నా పేరు సుజాత, నాది రాయచోటి. కడపలో ఎంసీఏ చదివి, పెళ్లయి కర్నూలు వచ్చి, కూతురు బడికి వెళ్లేదాకా ఇంట్లోనే ఉండి, ముప్పై మూడో ఏట ఆమె దగ్గర చేరాను. చేరిన నెలలోనే ఆమెతో మూడుసార్లు గొడవపడ్డాను. ఆ మూడింటిలోనూ నాదే సరి అని ఇప్పటికీ అంటాను. ఇది నాలుగో గొడవ గురించి.

అప్పుడు మేం ఒక ఆసుపత్రిలోని డయాలసిస్ కేంద్రానికి పని చేస్తున్నాం. మూత్రపిండాలు చెడినవాళ్లు వారానికి రెండు మూడుసార్లు వచ్చి, మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుని పోతారు. ఎవరి రోజు వాళ్లకు ఉంటుంది. ఆ రోజు మారితే మా ప్రోగ్రాము వాళ్లకు ఫోను చేసి, రికార్డు చేసిన గొంతుతో చెప్పాలి. రాగలిగితే ఒకటి నొక్కండి, రాలేకపోతే రెండు నొక్కండి, అని అడగాలి. ఒకటి నొక్కినవాళ్ల పేరు ఎదురుగా టిక్కు పడుతుంది. రెండు నొక్కినా, అసలు ఫోను ఎత్తకపోయినా కేంద్రంలోని సిస్టరు స్వయంగా ఫోను చేసి మాట్లాడుతుంది.

పరీక్ష నడిపిన ప్రతిసారీ మంచాన ఉన్న మనుషులకు ఫోన్లు చేయలేం కదా. అందుకని వాళ్ల స్థానంలో నకిలీలను నిలబెడతాం. అవి రెండు రకాలు. స్టబ్ అనేది మనం ముందే నేర్పిపెట్టిన జవాబును, ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పే నకిలీ. మాక్ అనేది తనను పిలిచారా లేదా అని కాచుకుని ఉండి చివర్లో సాక్ష్యం చెప్పే నకిలీ. నేను ఫోనుకు ఒక మాక్ పెట్టాను, రోగికి ఒక స్టబ్ పెట్టాను. ఫోను చేశామా, చేశాం. రోగి ఏం నొక్కాడు, ఒకటి. అన్నీ సరిగా ఉన్నాయని తెర మీద వరసగా పచ్చ చుక్కలు పడ్డాయి. మేడం చదవడం మొదలుపెట్టి, సగంలో ఆగారు.

“ఈ రోగి ఎవరు మ్మే?”

“రోగి, మేడం. ఎవరైతే ఏం?”

“పేరు లేదా?”

“నకిలీకి పేరెందుకు?”

“నకిలీకి గాదు. ఒకటి నొక్కుతానని నీతో చెప్పినోళ్లకు.”

ఆ ఆఫీసులో అదొక పద్ధతి. పరీక్షలో ఏ నకిలీని పెట్టినా, దాని పైన కంప్యూటరు పట్టించుకోని ఒక వరుసలో, ఆ జవాబు ఎవరి నోట విన్నామో రాయాలి. వినకుండా రాస్తే మేడం ఒప్పుకోరు. బెంగళూరులో, హైదరాబాదులో లక్షమంది ప్రోగ్రామర్లు ఉన్నారు, వాళ్లలో ఒక్కరు కూడా ఇలా ఊరూరా తిరిగి అడిగి రారు అని వాదించాను. నకిలీని పెట్టేదే అసలు మనిషి దగ్గరికి పోకుండా పని జరగడానికి అని కూడా అన్నాను. అంతా విని, ఒక్క బేస్తవారం పోయి ఆ కేంద్రంలో కూర్చుని రమ్మన్నారు. మా వైపు గురువారాన్ని బేస్తవారం అంటారు.

వెళ్లాను. దినమంతా కూర్చోమంటే నలభై నిమిషాలు కూర్చున్నాను. మంచాల మీద మనుషులు చేతులకు గొట్టాలతో, కళ్లు మూసుకుని పడుకుని ఉన్నారు. వాళ్లను కదిలించి ఏమడగాలో తెలియలేదు. బడి వదిలే వేళయిందని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. సిస్టరును అడిగితే, అందరూ ఒకటే నొక్కుతారు మేడం అంది. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. బేస్తవారం పట్టీలో మొదటి పేరు ఓబుళమ్మ, పత్తికొండ దగ్గర ఒక పల్లె. తిరిగొచ్చి స్టబ్ పైన రాశాను: ఒకటి నొక్కుతానని ఓబుళమ్మ చెప్పింది. మేడం ఆ వరుస పైకి చదివి, ఆ పేరును రెండోసారి మెల్లగా పలికి, నవ్వి, సరే పొమ్మన్నారు. వాదన గెలిచినంత హాయిగా ఇంటికి వెళ్లాను.

రెండు నెలల తర్వాత కేంద్రంలో నీళ్లు శుద్ధి చేసే యంత్రం మరమ్మతుకొచ్చింది. బేస్తవారం, శుక్రవారం మూత అన్నారు. బేస్తవారం వాళ్లందరినీ బుధవారానికి మార్చారు. మా ప్రోగ్రాము అందరికీ ఫోన్లు చేసింది, అందరూ ఒకటి నొక్కారు, అన్ని పేర్లకూ టిక్కులు పడ్డాయి. బుధవారం ఒక మంచం ఖాళీగా ఉంటే, ఆమె దారిలో ఉందేమో అనుకున్నారట. టిక్కు ఉంది కాబట్టి ఎవరూ ఫోను చేయలేదు. బేస్తవారం పొద్దున సిస్టరు మాకు ఫోను చేసింది. ఓబుళమ్మ అనే ఆమె ఎప్పటిలాగే మొదటి బస్సుకు వచ్చి కూర్చుందని, ఒళ్లు వాచి ఉందని, ఆయాసపడుతోందని, కేంద్రం శనివారం దాకా తెరవరని చెప్పింది. అన్నాళ్లు ఆగితే ప్రాణానికే ముప్పు. నేను స్టబ్ పైన రాసిన పేరు అదే.

మేడమూ నేనూ వెళ్లేసరికి ఓబుళమ్మ మూసిన తలుపు ముందు బెంచీ మీద కూర్చుని ఉంది. అరవై ఉంటాయి. ముఖం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. ఒక్కో మాటకూ ఊపిరి వెతుక్కుంటోంది. మేడం ఆమె సంచి తన ఒళ్లో పెట్టుకుని, రోజు మారిందని ఫోను రాలేదా అని అడిగారు.

“వచ్చె. ఒగ యమ్మ శానా మర్యాదగా మాట్లాడె. ఒకటి నొక్కమన్నాది, నొక్కితి.”

రోజు సంగతి అంతకు ముందే చెప్పింది కదా, వినలేదా అని నేను అడిగాను. నా గొంతులో కోర్టు ప్లీడరు దూరాడని నాకే తెలుస్తోంది.

“ఏందో గడగడా చదివె తల్లీ. పెద్ద సదువు మాటలు. కడాకు నొక్కమనేది ఒగటి తెలిసె. ఆ యమ్మ మాటను కాదంటానా, నొక్కి పెట్టేస్తి.”

మేడం లేచి పక్కకు వెళ్లి, ఊళ్లో ఇంకో డయాలసిస్ కేంద్రానికి ఫోను చేశారు. పంపండి, చూస్తాం అన్నారు అవతల. నేనైతే అక్కడితో పెట్టేసేదాన్ని. ఆమె పెట్టలేదు. ఎన్నో నంబరు మిషను, ఎన్ని గంటలకు, అక్కడికి రాగానే ఎవరిని అడగాలి, ఆ సిస్టరునే ఒకసారి లైనులోకి పిలవండి, అని నిదానంగా ఒక్కొక్కటే అడిగారు. ఆ సిస్టరు వచ్చాక ఫోను ఓబుళమ్మ చెవి దగ్గర పెట్టి, వాళ్లిద్దరూ ఒకరి పేరు ఒకరు చెప్పుకున్నాకే తీసుకున్నారు. మధ్యాహ్నం పన్నెండుకల్లా ఆమె అక్కడ మంచం మీద ఉంది. సాయంత్రానికి ఊపిరి తేలిక పడింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఊరుకోలేదు. నా స్టబ్ తప్పు కాదని మొదలుపెట్టాను. ఆమె ఒకటి నొక్కుతుందని రాశాను, ఆమె ఒకటే నొక్కింది, నకిలీకీ అసలుకీ వెంట్రుకవాసి తేడా లేదు, ఇంకేం కావాలి అన్నాను. కొండారెడ్డి బురుజు దాటాక మేడం అడిగారు.

“నొక్కింది. రాలేదు. ఈ రెండిటి మధ్య ఉండేది నీ పరీక్షలో యాడుండాది?”

అంతటితో ఆగి ఉంటే నేను తట్టుకునేదాన్నే. కానీ ఆమె ఏ అనుమానమూ లేకుండా, నిజంగా అర్థం కాక, ఇంకొకటి అడిగారు.

“నువ్వు పోయి అడిగిన దినం గూడా ఆమె ఇట్లనే చెప్పిందా?”

చెప్పేశాను. ఆమెతో మాట్లాడలేదని, రిజిస్టరులో పేరు చూసి రాశానని చెప్పాను. ఆటో మోత పెద్దది, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మరీ కష్టమైంది. తిడతారనుకున్నాను, ఉద్యోగం పోతుందని కూడా అనుకున్నాను. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

“నేను గూడా అదే పని చేస్తి గదా. సుజాత పోయింటాది, అడిగింటాది అని జవాబు నేనే రాసిపెట్టుకుంటి. ఆమె ఏమనె అని నిన్ను ఒక్క మాట అడగలే.”

ఆ వరుసలోంచి ఓబుళమ్మ పేరు తీసేయనా అని అడిగాను.

“తియ్యొద్దు. పేరుండాది, మాట లేదు. పోయి తెచ్చుకో.”

వారంలో ఓబుళమ్మ రెండో రోజు సోమవారం. ఆ రోజు వెళ్లాను. డయాలసిస్ నాలుగు గంటలు పడుతుంది. నాలుగు గంటలూ ఓబుళమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అడగకుండానే నీ పేరు రాసేశానని ముందు అదే చెప్పాను. ఆమెకు కోపం రాలేదు, వింత అనిపించింది. యాడ రాసినావు, చూపీ అంది. లాప్‌టాప్ తెరిచి చూపించాను. ఆమెకు చదువు రాదు, చదవమంది. రూబీ వాక్యాలను తెలుగులో చెబుతూ, మేడం చదివినట్టే పైకి చదివాను. ఓబుళమ్మకు ఫోను వస్తుంది, ఆమె విషయం వింటుంది, ఒకటి నొక్కుతుంది, మారిన రోజుకు వస్తుందని టిక్కు పడుతుంది.

“అట్ల గాదు,” అంది ఓబుళమ్మ. “ముందుగాల దినం ఒగటే చెప్పల్ల. గురువారమంటే ఎవురికి తెలుసు, బేస్తవారమను. నేను పలక్కుండా ఊరికే ఉంటే, ఇంగోసారి చెప్పల్ల. ఏ దినం వస్తావని నన్నే అడగల్ల.”

పక్క మంచం మీద మద్దిలేటి అని ఒకాయన కళ్లు మూసుకునే అంతా వింటున్నాడు.

“నాది గూడా రాసుకో మ్మా. ఫోను మా కోడలి కాడుంటాది. నొక్కేది ఆమె, వచ్చేది నేను. మా ఇద్దరికీ మాటల్లేవు.”

ఆ వార్డు వార్డంతా నవ్వింది. నేను రాసుకున్నాను. ఆరు సోమవారాలు, ఆరు బేస్తవారాలు అలా రాసుకున్నాను. మొదటి మాటకే నొక్కి పెట్టేసే ఓబుళమ్మ, నొక్కేది ఒకరూ వచ్చేది ఒకరూ అయిన మద్దిలేటి, చెవి వినపడక అన్నింటికీ ఊ కొట్టే ఒక ముసలాయన, మూడు పల్లెలకూ కలిపి సిగ్నలు దొరికే ఒకే ఒక్క మిట్ట ఎక్కితే తప్ప ఫోను పలకని ఒకామె. ఒక్కొక్కరికి ఒక స్టబ్ అయింది. పాత ప్రోగ్రాము మీద వాటిని నడిపితే తెర నిండా ఎర్ర చుక్కలు పడ్డాయి. మేడం వాటిని ఒక్కొక్కటిగా, పేర్లతో సహా పైకి చదివారు. ఆ రోజు ఆమె ముఖంలో ఉన్న తృప్తి నేను పచ్చ చుక్కలు చూపించిన ఏ రోజునా చూడలేదు. తర్వాత ప్రోగ్రాము మార్చాం. ఏ రోజు వస్తారో రోగి నోటితోనే చెప్పించి, ఆ మాట సిస్టరు విన్నాకే టిక్కు పడేలా చేశాం. ఓబుళమ్మ ఇంకో మూడేళ్లు అదే మొదటి బస్సుకు వచ్చింది. మేడం కూడా ఇప్పుడు లేరు.

నేను కడపకు వచ్చి చాలా కాలమైంది. నా కింద పదకొండు మంది పని చేస్తారు. నా నోరు ఏమీ తగ్గలేదు, వాళ్లనడిగితే చెబుతారు. ఏ పని ఒప్పుకున్నా, మా పరీక్షలో నకిలీగా నిలబెట్టిన మనిషి దగ్గరికి వెళ్లి, ఆ పరీక్షను తెలుగులో పైకి చదివి వినిపిస్తాను. మొన్న రాయచోటిలో ఒక మందుల దుకాణం అతనికి అలాగే చదివాను. మర్యాదకు తల ఊపాడు. అందరూ మొదట తల ఊపుతారు. ఒకప్పుడు ఎదుటివాళ్లు తల ఊపితే వాదన గెలిచానని లేచి వచ్చేదాన్ని. ఇప్పుడు అక్కడే కూర్చుని మళ్లీ మొదటినుంచి చదువుతాను, అతను ఎక్కడో ఒకచోట అట్ల గాదు అనేదాకా.