మంచి చేయి

మా బడిలో బల్లలకు నాకంటే వయసెక్కువ. అంచులు పెచ్చులు లేచి ఉంటాయి. పిల్లలు జరిగి కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరికి తొడలోనో అరచేతిలోనో చెక్క పేడు దిగుతుంది. చాలదన్నట్టు గోడ పక్కనే ఊరివాళ్ళు పత్తికట్టె కుప్పలు వేసుకుంటారు. ఆలూరు వైపు పల్లెల్లో గ్యాసు ఉన్న ఇళ్ళలో కూడా నీళ్ళు కాగేది ఆ కట్టె మీదే. సాయంత్రం దాన్ని ఇళ్ళకు మోసేది నా తరగతి పిల్లలే.

ఒకరోజు ఒకడు పేడు గుచ్చుకున్న వేలికి జిల్లేడు పాలు పూసుకుని, అదే చేత్తో కన్ను నలుపుకుని వచ్చాడు. కన్ను మిరపపండులా ఎర్రబడి వాచింది. నాకు ఒళ్ళు మండింది. కన్ను కడిగించి ఆస్పత్రికి పంపి, మర్నాడు లెక్కలు పక్కనబెట్టి పేడు పాఠం మొదలుపెట్టాను. బల్ల మీద జారొద్దు, లేచి జరగండి. కట్టెను గుంజేముందు చూసి పట్టుకోండి, చేతికి గుడ్డ చుట్టుకోండి. గుచ్చుకుంటే తుమ్మముల్లుతో కెలకొద్దు, ఏ పాలూ పూయొద్దు, సబ్బుతో కడిగి పెద్దవాళ్ళకు చూపండి. వాళ్ళు వింటేగా! పేడు ఒంట్లో ప్రయాణం చేసి గుండెలోకి పోతుందా అని ఒకతె అడిగింది. వాళ్ళ నాయన పళ్ళతో పీకుతాడని ఇంకొకడు గొప్పలు పోయాడు. విసుగొచ్చి అందరినీ చేతులు చాపమన్నాను.

రెండో వరుసలో మూడో తరగతి పిల్ల ఒకతె ఉంది. వాళ్ళమ్మ కూలికి పోతుంది, నాయన లేడు. ఆ పిల్ల ఎడమ చేతిలో, చిటికెన వేలి కింద, అగ్గిపుల్లలో సగమంత పేడు చర్మం లోపల నల్లగా కనిపించింది. చుట్టూ చీము పట్టింది. ఎప్పుడు గుచ్చుకుందంటే తెలీదంది. చీము పట్టేదాకా కళ్ళు మూసుకున్నావా అని కసిరాను. నా కోపానికి జంకింది గానీ చేతిని మాత్రం హాయిగా నా ఒళ్ళో పెట్టింది.

సూది కాల్చి, చల్లారాక గుచ్చి పేడు పైకి లాగాను. పక్కవాడు తన చేతికే గుచ్చినట్టు మొహం చిట్లించాడు. ఆ పిల్ల కిటికీలోంచి మేకలను చూస్తోంది.

"నొప్పి లేదా?" అన్నాను.

"ఈ చేయి మంచిది మేడమ్, నొప్పి పెట్టదు. ఆ చేయే శానా చెడ్డది."

పొయ్యి మీది గిన్నె ఈ చేత్తోనే దించుతుందట. ముళ్ళకంపలో బంతి పడితే ఈ చేయే పెడుతుందట. అవును మేడమ్, అవును మేడమ్ అని తరగతంతా గర్వంగా సాక్ష్యం చెప్పింది. చేయి తిప్పి చూశాను. పాత కాలిన గుర్తులు. మోచేతి కింద పాలిపోయిన మచ్చ. చిటికెన వేలు కొంచెం లోపలికి వంగి ఉంది. కళ్ళు మూసుకోమని ఆ వేలిని సూదిమొనతో తాకాను. మళ్ళీ తాకాను.

"ఇంగా తాకల్యా మేడమ్?" అంది, కళ్ళు గట్టిగా మూసుకునే.

రోజూ నా కళ్ళముందు పలక పట్టుకున్న చేయి అది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి చెబితే వాళ్ళమ్మ నవ్వింది. మా పాప శానా గట్టిది, దెబ్బ తగిలినా ఏడ్వదు అని మురిసిపోయింది.

మర్నాడు ముగ్గురం ప్రభుత్వాసుపత్రికి పోయాం. డాక్టరమ్మ దూదితో తాకి, మోచేతి దగ్గర నరం నొక్కి చూసింది. పరీక్షలయ్యాక కుష్టు అని చెప్పింది. ఈ రోజుల్లో కూడానా అని నేను నిలబడిపోయాను. తల్లి కొంగు లాగి కూతురి చేతి మీద కప్పేసింది. ఇంకా ముదరలేదు, ఉచిత మాత్రలతో జబ్బు పూర్తిగా పోతుంది, బడికి పంపవచ్చు, పక్కన కూర్చోబెట్టుకోవచ్చు అని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. స్పర్శ మాత్రం తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. అంతదాకా కాలకుండా, గుచ్చుకోకుండా కళ్ళతో కాచుకోవాలి. లేకపోతే పుండ్లు పడి వేళ్ళే దెబ్బతింటాయి.

జబ్బు మాట ఊళ్ళో ఎత్తలేదు. వడ్రంగిని పిలిపించి బల్లల అంచులన్నీ చిత్రిక పట్టించాను. రోజూ ఇంటిగంట కొట్టేముందు పక్కవాళ్ళ చేతులు ఒకరివొకరు చూడాలని రూలు పెట్టాను. ఒక్క పిల్ల కోసమని ఎవరికీ తెలీదు. పేడు పిచ్చి మేడమ్ అని నాకు పేరు పడింది, పడనీ. గిన్నె దించొద్దని, గుడ్డ లేకుండా కట్టె ముట్టొద్దని ఆ పిల్ల వెంటపడి సతాయించాను. మంచి చేతిని వాడనీయనందుకు నా మీద అలిగింది కూడా.

మాత్రలు సాగుతూనే ఉన్నాయి. మళ్ళీ పత్తికట్టె పీకే కాలం వచ్చింది. ఒక సాయంత్రం చేతులు చూసుకుంటుంటే ఆ పిల్ల చటుక్కున చేయి లాక్కుని, కళ్ళనిండా నీళ్ళతో నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, మంచి చేయి గూడా చెడిపాయ."

చిటికెన వేలి కింద నువ్వుగింజంత పేడు. సూది తగలగానే బడి దద్దరిల్లేలా ఏడ్చింది. నేను సూది కింద పెట్టి, వాళ్ళమ్మకు ఫోన్ చేసి, ఆ ఏడుపు వినిపించాను.