సమ్మక్క మెస్సులో దొర పళ్లెం

సూరత్‌లో మన తెలుగువాళ్లు ఏం సాధించారని అడిగితే డాక్టర్ల పేర్లు చెబుతారు, కంప్యూటర్ ఉద్యోగస్తుల పేర్లు చెబుతారు. చెప్పనీయండి, వాళ్లూ మనవాళ్లే. కానీ పాండేసరలో అద్దకం మిల్లుల వెనక సందులోకి వెళ్లి, పోపు వాసన వచ్చే ఒక పాత మేడ ముందు ఆగకపోతే ఆ చెప్పడం సగంలో ఉన్నట్టే. అది సమ్మక్క మెస్సు.

సమ్మక్కది కోరుట్ల పక్కన పల్లె. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివింది. ఆ కాలపు ఐదంటే గట్టి ఐదు. పదమూడో ఎక్కం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా తడుముకోదు. పెళ్లయ్యాక భర్త ఆగయ్య వెంట సూరత్ వచ్చింది. మరమగ్గాల చప్పుడు ఆగయ్య చెవులను తినేశాక, ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి తాను పొయ్యి ముట్టించింది. మొదట తమ ఊరి పిల్లలు నలుగురికి వండింది. ఇప్పుడు రెండు షిఫ్టుల మనుషులూ ఆమె చేతి అన్నమే తింటున్నారు. తాపీ నది ఊరి మీదికొచ్చిన ఏడాది మేడ మీద పొయ్యి పెట్టి వీధి మొత్తానికి గంజి కాచి పోసింది. లాక్‌డౌన్‌లో ఊళ్లకు నడిచి పోతామన్నవాళ్లను గుమ్మంలో అడ్డంగా కూర్చుని ఆపింది. ఆవిరి గొట్టం పగిలి చేయి కాలిన పిల్లవాడికి వైద్యం చేయించనన్న మిల్లు సేఠ్ ముందు చేతిలో గరిటెతోనే వెళ్లి నిలబడింది. చేయించాడు. మేడ మీద పాత టబ్బుల్లో పుంటికూర, అదే గోంగూర, పెంచింది. సూరత్‌లో పుంటికూర పెంచిన మొదటి మనిషి సమ్మక్కేనని ఆగయ్య అంటాడు. కాదని నిరూపించినవాడు ఇంతవరకు రాలేదు.

ఆ మెస్సుకు ఒక కట్టుబాటు ఉంది. కొత్తగా చేరే మనిషి ఒక స్టీలు పళ్లెం తెచ్చుకోవాలి. దాని అంచు మీద పేరు చెక్కించుకోవాలి. ఒకరి పళ్లెంలో ఇంకొకరు తినరు. సెలవు మీద ఊరెళ్తే ఆ పళ్లెం గూట్లో బోర్లించి ఉంటుంది. పూర్తిగా వెళ్లిపోయేవాడు వెంట తీసుకుపోతాడు. ఒకసారి మిల్లులో ఒకతను చనిపోతే, ఆ పళ్లేన్ని సమ్మక్కే స్వయంగా ఊరికి పట్టుకెళ్లి తల్లి చేతిలో పెట్టి వచ్చింది.

"మిల్లుల నంబరు పెట్టి పిలుస్తరు బిడ్డా," అంటుంది కొత్తవాళ్లతో. "నా దగ్గర మాత్రం పేరుతోని తినాలె. పేరు లేనోడు ఆకలైతుందంటే నేనెవ్వనికి పెట్టాలె?"

మూడేళ్ల కిందట, సూరత్‌కు కాస్త దూరంలో కిమ్ అనే ఊరి దగ్గర ఒక విదేశీ కంపెనీ కార్ల సీట్లకు గుడ్డ నేసే ఫ్యాక్టరీ కట్టడం మొదలుపెట్టింది. సమ్మక్క మెస్సులో తినే పరశురాం అక్కడ షెడ్డు పనికి కుదిరాడు. అద్దకం మిల్లు ఆవిరికి అతని ఊపిరితిత్తులు పాడైపోయాయి. అన్నం తింటూ దగ్గుతాడు, మాట్లాడుతూ దగ్గుతాడు. ఫ్యాక్టరీ మొదలైతే రంగుల ఆవిరి లేని చోట పక్కా ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాడు.

అతని క్యారియరు అక్కడి మేనేజరు కంటపడింది. డెన్మార్క్ మనిషి, పేరు హెన్రిక్. ఇంతకు ముందు కాన్పూర్‌లో పనిచేశాడు కనుక హిందీ ఎలాగోలా నడిపిస్తాడు. పుంటికూర పప్పు రుచి చూసి, మరునాడే పాండేసర వచ్చాడు. వచ్చీరాగానే గుమ్మానికి తల కొట్టుకున్నాడు. నుదురు రుద్దుకుంటూనే, షెడ్డు పనివాళ్లకు భోజనం పంపగలవా అని అడిగాడు. నెల తిరిగేసరికి మాట ఇచ్చాడు: ఫ్యాక్టరీ తెరిచాక క్యాంటీన్ సమ్మక్కదే.

ఆ ఆనందంలో సమ్మక్క ఒక పొరపాటు చేసింది. మనవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు. బజారుకు వెళ్లి మంచి మందం పళ్లెం కొని, దాని మీద తెలుగులో 'హెన్రిక్' అని చెక్కించింది. సర్వపిండి రొట్టెలు చేసి, ఆ పళ్లెంలో పెట్టుకుని, ఆగయ్యను తోడు తీసుకుని లోకల్ రైలెక్కి కిమ్ వెళ్లింది.

హెన్రిక్ పళ్లేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అది తన పేరేనని సమ్మక్క చెబితే, ఆ అక్షరాలను వేలితో తడిమాడు. ముఖం విప్పారింది. ఆ తర్వాత రెండు చేతులతో తిరిగి ఇచ్చేశాడు.

"అక్కా, కోపం తెచ్చుకోవద్దు. నేను తీసుకోకూడదు. కంపెనీ రూల్."

"పళ్లేనికి రూలేంది?" అంది సమ్మక్క.

హెన్రిక్ తన హిందీని కూడదీసుకున్నాడు. ఇంకో దేశంలో తమ కంపెనీవాళ్లు ఒక అధికారికి కానుకలు ఇచ్చారట. పనులు చకచకా జరిగాయట. తర్వాత అక్కడ ప్రభుత్వం మారిందట. కొత్తవాళ్లు పాత కానుకలన్నీ తవ్వి బయటికి తీశారట. ఫ్యాక్టరీకి తాళం పడింది, ఇద్దరు మేనేజర్లు జైలుకు పోయారు. "అప్పటి నుంచి ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. టీ తాగినా డబ్బు ఇచ్చి తాగుతాను."

సర్వపిండికి డబ్బిచ్చి తిన్నాడు. సమ్మక్క ముఖం మాడిపోయింది. తిరుగు బండిలో ఆగయ్య ఊరుకోలేదు.

"దొర మనల లంచగొండులన్నట్టేనా?"

"నోరు మూసుకొని కూసో," అంది సమ్మక్క. ఇంటికొచ్చి ఆ పళ్లేన్ని గూట్లో బోర్లించింది, ఊరెళ్లిన మనిషి పళ్లెంలాగే.

ఫ్యాక్టరీ గోడలు లేచాయి, కప్పు పడింది. కరెంటు దగ్గర ఆగింది. తీగ రావాల్సిన దారిలో కొంత ఊరుమ్మడి నేల ఉంది. అక్కడి నాయకుడొకడు స్తంభాలు పాతనివ్వలేదు. పశువుల మేత పోతుందని పైకి అన్నాడు. మేత ఎవరికి కావాలో అందరికీ తెలుసు. ఎండలు వచ్చాయి, స్తంభాలు రోడ్డు పక్కనే పడి ఉన్నాయి. ఓడలో రావాల్సిన యంత్రాలను వియత్నాం మళ్లిస్తారని పుకారు పుట్టింది. పని ఆగేసరికి పరశురాం మళ్లీ అద్దకం మిల్లుకు పోయాడు. దగ్గు మళ్లీ ముదిరింది.

అప్పుడు వచ్చాడు ఓంప్రకాష్. కంపెనీకి అనుమతులు తెచ్చిపెట్టే మధ్యవర్తి. తెల్ల చొక్కా మీద ముడత ఉండదు. మధ్యాహ్నం మనుషులు తింటున్న వేళ వచ్చి, కుర్చీ మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు.

"సేఠానీజీ, మీ క్యాంటీన్ సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు హిందీలో. "షెడ్డు భోజనాల బిల్లు ఇంకా పూర్తిగా రాలేదు కదా? యాభైమంది తిన్న చోట రెండు వందలమంది తిన్నారని రాయండి. సంతకం నేను చేయించుకుంటాను. ఎక్కువ వచ్చింది నాకివ్వండి, నేను చేరాల్సిన చోటికి చేరుస్తాను. వారంలో స్తంభాలు లేస్తాయి."

"హెన్రిక్ సాబ్‌కు తెలుసా?"

"ఆయనకు తెలియకుండా ఉండటమే ఆయనకు మంచిది. ఆయన చేతులు శుభ్రం, మీ కడుపు చల్లన, మీ పిల్లలకు ఉద్యోగాలు. నష్టం ఎవరికి చెప్పండి?"

మాటలు సరిగా వినబడకపోయినా 'సేఠానీజీ' అన్నది మాత్రం ఆగయ్యకు వినబడింది. అది చాలు, ఆయన ఛాతీ ఉబ్బింది. ఓంప్రకాష్ రేపు వస్తానని వెళ్లాక, సంగతంతా చెవి దగ్గర చెప్పించుకుని అన్నాడు:

"రాసియ్యరాదే? మన జేబుల పడుతున్నదా ఏందది? దునియా మొత్తం గిట్లనే నడుస్తున్నది."

"తినని బువ్వకు పైసలు అడుగుమంటవా నన్ను?"

"ఫ్యాక్టరీ పాయె, క్యాంటీన్ పాయె అని రేపు ఏడుస్తవు చూడు."

గోడ వారగా కూర్చున్న పరశురాం ముద్ద చేతిలో పట్టుకుని దగ్గుతున్నాడు. దగ్గు ఆగాక తల ఎత్తకుండానే అన్నాడు:

"అక్కా, నేను నీకు చెప్పేటంతోణ్ని కాదు. కానీ ఇంకో ఏడాది ఆ ఆవిరిల ఉంటే నా పళ్లెం గూడ నువ్వే మా ఊరికి పట్టుకపోవాలె."

ఆ మాట సమ్మక్కకు ముల్లులా దిగింది. గరిటె కింద పెట్టి మేడ మీదికి వెళ్లింది. పుంటికూరకు నీళ్లు పోస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది. రాయకపోతే వీడి ఊపిరితిత్తులు పోతాయి. రాస్తే? ఆ దేశంలో మారినట్టు ఇక్కడా ఏదో మారుతుంది. పాత బిల్లులు ఎవరో తవ్వుతారు. ఫ్యాక్టరీకి తాళం పడుతుంది, అప్పుడు పోయేది పరశురాం ఒక్కడి బతుకు కాదు. పైగా తన పళ్లేన్ని రెండు చేతులతో తిరిగి ఇచ్చిన మనిషిని వెనక నుంచి ముంచినట్టు అవుతుంది. పళ్లెం మీది కోపం ఆ టబ్బుల దగ్గరే పోయిందామెకు. వద్దనడానికి అతనెంత కష్టపడ్డాడో ఇప్పుడు అర్థమైంది.

మరునాడు ఓంప్రకాష్ వచ్చేసరికి అందరూ తింటున్నారు. సమ్మక్క అతన్ని గూటి దగ్గరికి తీసుకెళ్లింది. బోర్లించిన పళ్లేలు, అంచుల మీద పేర్లు చూపించింది.

"భాయ్‌సాబ్, నా మెస్సుల ఒక కట్టుబాటు. పళ్లెం లేనోనికి బువ్వ లేదు. మీ నాయకునికి ఆకలైతే సిగ్గెందుకు? ఒక పళ్లెం కొనుక్కోమను. దాని మీద పేరు చెక్కించుకొని తెమ్మను. గీ పిల్లల నడుమ కూసోమను. కడుపు నిండ పెడత, మారు వడ్డిస్త. ఆయన పేరు మీదనే బిల్లు గూడ రాస్త."

ఆమె హిందీలో సగం తెలుగే అయినా, పంక్తిలో ఉన్నవాళ్లందరికీ అర్థమైంది. ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు "పేరు పెద్దగ చెక్కియ్యమను అక్కా, కనవడాలె" అన్నాడు. ఆగయ్య ఏం జరిగిందో తెలియకపోయినా అందరితో కలిసి గట్టిగా నవ్వాడు.

ఓంప్రకాష్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "క్యాంటీన్ మరిచిపోండి," అన్నాడు ఈసారి సేఠానీజీ అనకుండా.

"మీ చేతిల ఉంటే తీసుకోండి," అంది సమ్మక్క.

అతను వెళ్లాక సమ్మక్క పంక్తికి మారు వడ్డించింది. ఆ మధ్యాహ్నమే చీర మార్చుకుని, ఆగయ్యను లేపి, కిమ్ వెళ్లింది. జరిగిందంతా హెన్రిక్‌కు చెప్పింది. అతని ముఖం మిరపపండులా అయింది. లేచి, వెళ్లేటప్పుడు వాళ్లకు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి తలుపు తీసి పట్టుకోవడం ఆగయ్యకు ఎంత నచ్చిందంటే, ఆ కథ పాండేసరలో వినని మనిషి లేడు.

ఓంప్రకాష్‌ను కంపెనీ తీసేసింది. అలాగని స్తంభాలు మరునాడే లేవలేదు. ఆ నాయకుడు ఆ నాయకుడే, ఆ నేల ఆ నేలే. కంపెనీవాళ్లు తీగను చుట్టు తిప్పి, రైతులతో బహిరంగంగా ఒప్పందం చేసుకుని, వాళ్ల పొలాల గట్ల మీదుగా తెచ్చుకున్నారు. వానాకాలమంతా పట్టింది. ఈలోగా సగం యంత్రాలు నిజంగానే వియత్నాం పోయాయి. ఫ్యాక్టరీ చిన్నదిగా తెరుచుకుంది, క్యాంటీనూ చిన్నదే. పరశురాంకు ఉద్యోగం వచ్చింది. దగ్గు పూర్తిగా పోలేదు కానీ ఇప్పుడు ముద్ద ముద్దకూ రాదు. మెస్సులో తినేవాళ్లలో ఉద్యోగం రాని మొండయ్య ఇప్పటికీ పాండేసర షిఫ్టుకు సైకిల్ మీద పోతున్నాడు. నువ్వు రాసిచ్చి ఉంటే నాకూ వచ్చేదని కొన్నాళ్లు సమ్మక్కతో మాట్లాడలేదు. ఆమె మాత్రం అతని పళ్లెంలో రోజూ ఒక గరిటె పప్పు ఎక్కువే వేసింది. అతనే ఒకరోజు "ఉప్పు తక్కువైంది అక్కా" అన్నాడు. అట్లా మాటలు కలిశాయి.

కిమ్ క్యాంటీన్ ఉన్నా సమ్మక్క పాండేసర మెస్సు మూయలేదు. ఒక ఆదివారం హెన్రిక్ అక్కడికి వచ్చాడు. గుమ్మం దగ్గర ఈసారి జ్ఞాపకంగా వంగాడు. గూట్లోంచి తన పేరున్న పళ్లేన్ని తానే వెతికి తీసుకున్నాడు. ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ ముట్టలేదు, అంచున కొద్దిగా దుమ్ము ఉంది.

"ఇది నేను తీసుకుపోను," అన్నాడు. "ఇక్కడే ఉంటుంది. వచ్చినప్పుడు తింటాను, డబ్బిస్తాను. దీనికి రూల్ అడ్డం రాదు."

"గా ముక్క గప్పుడే చెప్తే ఏమైతుండె?" అంది సమ్మక్క, వడ్డిస్తూనే. "అనవసరంగ నీ మీద కోపం మోసిన."

పుంటికూర పప్పు మారు అడిగి తిన్నాడు. డబ్బిచ్చాడు. పళ్లెం కడిగి, తుడిచి, పరశురాం పళ్లెం పక్కన బోర్లించి వెళ్లాడు. ఇప్పుడు మెస్సుకు ఎవరు కొత్తగా వచ్చినా ఆగయ్య మొదట ఆ గూటి దగ్గరికే తీసుకెళ్తాడు.

"గిదేందో తెల్సా? దొర పళ్లెం!"

"దొర లేదు, గిర లేదు," అంటుంది సమ్మక్క పొయ్యి దగ్గర నుంచి, ఆయనకు వినబడేలా గొంతు పెంచి. "ఆ పిల్లగానికి ఆకలైతుంది, ముందు పళ్లెం తెచ్చుకున్నడో లేదో అడుగు."