యాదగిరి కాకా భుజం

నిన్న పొద్దున ఓపీలో ఒకాయన చొక్కా విప్పగానే నీలగిరి తైలం ఘాటు గదంతా నిండింది. స్కూటర్ మీది నుంచి పడ్డాడట. ఇంట్లోవాళ్లు భుజానికి తైలం పట్టించి గట్టిగా మర్దన చేశారట. ఇన్నేళ్లుగా నర్సుగా పనిచేస్తున్న నాకు ఆ వాసన కొత్తేమీ కాదు. అయినా ఆయన భుజం ముట్టుకోబోయి ఒక్క క్షణం ఆగిపోయాను. యాదగిరి కాకా గుర్తొచ్చాడు. ఆయన గుర్తొచ్చిన ప్రతిసారీ నాకు ముందు వచ్చేది కన్నీళ్లు కాదు, సిగ్గు.

తొంభైల మొదట్లో, నర్సింగ్ పూర్తిచేసిన ఏడాదే, పాశమైలారంలోని ఒక మందుల కంపెనీలో ప్రథమ చికిత్స గది నాకు అప్పగించారు. కార్మికులంతా సిస్టరమ్మా అని పిలుస్తుంటే లోపల కాస్త గర్వంగానే ఉండేది. యాదగిరి కాకా ఒక్కడే బిడ్డా అనేవాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర కొద్దిపాటి పొలం ఉన్న రైతు. యాభైకి దగ్గరపడ్డ వయసులో మా కంపెనీలో డ్రమ్ములు ఎత్తే పనికి వచ్చాడు. నేను చేరిన వారంలోనే ఒకతని చేతి మీద యాసిడ్ పడింది. నేను బీరువాలో మలాం కోసం వెతుకుతూ కంగారుపడుతుంటే, కాకా అతన్ని కుళాయి కిందికి లాక్కెళ్లి, "మందు తర్వాత బిడ్డా, ముందుగాల నీళ్లు పొయ్యి" అన్నాడు. నేను కంగారుపడ్డ సంగతి ఆయన ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఆ వానాకాలంలో కాకా తడి మెట్ల మీద జారి, కుడి భుజం నేలకు తగిలేలా పడ్డాడు. పటాన్‌చెరులో ఎక్స్‌రే తీయించారు. ఎముక విరగలేదన్నారు. మేనేజరు నా గదికొచ్చి, "ఫ్రాక్చర్ లేదు కదా సిస్టర్, ఎల్లుండి నుంచి డ్యూటీకి రావొచ్చా?" అని అడిగాడు. కాకా బనియనుతో కూర్చుని ఉన్నాడు. రెండు భుజాలూ ఒకలా లేవని నాకు కనిపిస్తూనే ఉంది. కుడివైపు ఎముక చివర చర్మం కింద బుడిపెలా పైకి లేచింది.

"గిదేంది బిడ్డా, గిట్ల లేశింది?" అన్నాడు.

అదేమిటో నాకు తెలియదు. మేనేజరు ముందు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. "వాపు కాకా, తగ్గిపోతది" అన్నాను. అంతటితో ఆగలేదు. పట్టేసిందని చెప్పి తైలం రాసి మర్దన చేశాను, చెయ్యి పైకెత్తించి లాగాను. కాకా అరవలేదు. ఎడమ చేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు, అంతే. డ్యూటీకి రావొచ్చని రాసి సంతకం పెట్టాను.

పది రోజులు ఆ భుజంతోనే డ్రమ్ములు ఎత్తాడు. పదకొండో రోజున అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్లలేకపోతున్నాడని తోటివాళ్లు వచ్చి చెప్పారు. అప్పుడు నేనే ఆయన్ని సంగారెడ్డిలో ఒక ఎముకల పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కాకాను నిలబెట్టి రెండు భుజాలకూ కలిపి ఎక్స్‌రే తీయించాడు. "భుజం కీలు తప్పలేదు. కాలర్ ఎముకను భుజానికి కట్టి ఉంచే పట్టీల్లాంటి లిగమెంట్లు తెగాయి. చేతి బరువుకి భుజం కిందికి దిగింది, ఎముక పైకి తేలింది. మొదటి రోజునుంచే చెయ్యి జోలెలో వేసి కదలకుండా ఉంచి, తర్వాత మెల్లగా కసరత్తు చేయించాల్సింది. దీన్ని లాగింది ఎవరు?" అని అడిగాడు.



"సిస్టరమ్మ జోలె కట్టింది సార్" అన్నాడు కాకా. "నేనే ఇప్పేసిన. ఊర్ల ఒకాయనతోని పట్టిచ్చుకున్న."

డాక్టరు ఆయన్ని గట్టిగా చీవాట్లు పెట్టాడు. కాకా తల ఊపుతూ అన్నీ పడ్డాడు. ఆ కాసేపట్లో నేను నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

తిరుగు బస్సు ఎక్కాం. కంది ఊరు దాటాక, కొత్తగా కట్టిన జోలె సర్దుకుంటూ, కాకా కోపం లేని గొంతుతో అన్నాడు: "తెల్వకుంటే తెల్వదని చెప్పు బిడ్డా. తెల్వదంటే నేను ఇంకో తావుకు పోయేటోణ్ణి. తెల్సన్నవు, అందుకే ఉన్న."

కాకా చెయ్యి మూడు నెలలకు చాలావరకు దారికొచ్చింది. గోడ మీద వేళ్లతో పైకి పాకించే కసరత్తు రోజూ నా గదిలోనే చేయించాను. బుడిపె మాత్రం పోలేదు. బరువులు ఎత్తలేక కంపెనీ మానేసి పొలానికి వెళ్లిపోయాడు. ఎరువు బస్తా భుజాన వేసుకోలేక కొడుకుని పిలుస్తున్నాడని ఎవరో చెబితే విన్నాను. వెళ్లి క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన పోయాడన్న కబురే ముందు వచ్చింది.

ఇప్పుడు నా కింద పనిచేసే నర్సులకు నేను మొదట నేర్పేది కట్టు కట్టడం కాదు. రోగి ముందు, అతని ఇంటివాళ్ల ముందు, పెద్ద డాక్టరు ముందు కూడా "నాకు తెలియదు" అని చెప్పడం నేర్పుతాను. ఆ మాట నాకు నేర్పిందెవరో వాళ్లకు చెబుతాను. ఆయన భుజాన్ని లాగింది నేనేనని మాత్రం ఇవాళ, ఈ కాగితం మీదే మొదటిసారి చెబుతున్నాను.