ఆకుపచ్చ సైకిళ్ళు

మా షెడ్డులోకి వచ్చిన సైకిల్ మళ్ళీ అదే సైకిల్‌గా బయటికి పోయేది కాదు. అది మా డ్రిల్లు సారు పెట్టిన పద్ధతి. ఆయన రిటైరయ్యాక చిత్తూరులో మూతబడిన ఒక బియ్యం మిల్లు వాళ్ళను అడిగి షెడ్డు పుచ్చుకున్నారు. జనం వద్దనుకున్న పాత సైకిళ్ళు పోగుచేసి, బాగుచేసి, హైస్కూలుకు దూరం నడిచొచ్చే పల్లె పిల్లలకు ఊరికే ఇచ్చేవారు. తొంభైల చివర్లో, డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని రోజుల్లో, ఆదివారాలు నాలాంటి నలుగురితో కలిసి నేనూ అక్కడికి వెళ్ళేవాణ్ణి. సేవ మీద మోజేమీ కాదు. ఇంట్లో కూర్చుంటే అందరి కళ్ళూ నా మీదే ఉండేవి.

ఏ సైకిల్ వచ్చినా ముందు పూర్తిగా విప్పేసేవాళ్ళం. రిమ్ములు ఒక మూల, సీట్లు ఒక మూల, గొలుసులు కిరసనాయిలు డబ్బాలో. రెండు మూడు ముసలి బండ్లు కలిస్తే ఒక నడిచే బండి అయ్యేది. వాటి మీద రాయించుకున్న పేర్లన్నీ ఉప్పుకాగితంతో గీకేసి, అన్నిటికీ ఒకే ఆకుపచ్చ రంగు కొట్టేవాళ్ళం.

"ఎవురిచ్చినారో బండి మింద కనపడగూడదు. పిల్లోళ్ళు తలెత్తుకోని తొక్కల్ల" అనేవారు సారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఇప్పటికీ దాన్ని తప్పనలేను.

ఒక ఆదివారం బెల్లం మండీలో గుమాస్తా ఒకాయన, దాదాపు కొత్తగా ఉన్న సైకిల్‌ని తొక్కకుండా నడిపించుకుంటూ తెచ్చాడు. గొలుసు కవరు మీద ఎర్రరంగుతో ఎవరో అబ్బాయి పేరు, పేరు చుట్టూ పూలతీగ.

"ఇంత మంచి బండి ఎందుకిచ్చేస్తా ఉండావప్పా?" అని అడిగారు సారు.

"తొక్కేవాడు లేడు సార్. ఈడ అన్నీ విప్పేస్తారంట గదా?"

"విప్పుతాం."

"అదే కావల్ల" అనేసి, మళ్ళీ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

మాకు పండగే పండగ. అంత మంచి సామాను అప్పటిదాకా మా చేతికి రాలేదు. తలా ఒక స్పానరు పట్టుకుని దాని మీద పడ్డాం. సీటు ఒకదానికి, హ్యాండిలు ఇంకోదానికి, చక్రాలు చెరొకదానికి పోయాయి. తర్వాత ఆదివారానికి అవన్నీ ఆకుపచ్చగా మారి పల్లెలకు వెళ్ళిపోయాయి.

కొన్నాళ్ళకు ఆ గుమాస్తా భార్య వచ్చింది. చెల్లెలి కాన్పుకని శ్రీకాళహస్తి పోయి ఉందట, తిరిగొచ్చి చూస్తే వసారాలో సైకిల్ లేదు. అప్పుడు గానీ మాకు సంగతి తెలియలేదు. ఇంటర్ తప్పిన కొడుకును తండ్రి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ అబ్బాయి బస్టాండు దగ్గర సైకిల్ పెట్టి, పలమనేరు మీదుగా పోయే బెంగళూరు బస్సెక్కాడు. తండ్రి బెంగళూరులో హోటలు హోటలూ తిరిగి ఒక్కడే ఇంటికొచ్చాడు. పొద్దున లేస్తే సైకిల్ ఎదురుగా కనబడుతుంటే తట్టుకోలేక, ఆమె ఊళ్ళో లేనప్పుడు తెచ్చి మాకిచ్చేశాడు. ఆమె ఆశంతా ఆ సైకిల్ మీదే ఉంది.

"వాడు నాకోసరం రాకపోయినా బండి కోసరం వస్తాడు నాయనా. పానమంతా దాని మిందనే. వచ్చి, నా బండి యాడ మా అంటే నేనేం చెప్పేది?"

సారు నా వైపు చూశారు. విప్పేసి పల్లెలకు పంచేశామని నేనే చెప్పాల్సి వచ్చింది.

వెతక్కుండా ఊరుకోలేదు. ఫ్రేము పూతలపట్టు దగ్గర పల్లెలో ఒక అమ్మాయికిచ్చిన బండికి పడిందని మాలో ఒకడన్నాడు. కాదు, అది వేరే ఫ్రేమని ఇంకొకడు. నేనూ ఆ మొదటివాడూ కలిసి వెళ్ళాం. ఆ అమ్మాయి మమ్మల్ని చూసి బండి దిగి, హ్యాండిలు గట్టిగా పట్టుకుని, "తీసకపోతారా సార్?" అంది. మేమే కొట్టిన రంగు కింద మాకే ఏమీ కనిపించలేదు. నమ్మకం లేని దాని కోసం ఆ పిల్ల చేతిలోంచి బండి ఎలా లాక్కుంటాం? బ్రేకులు సరిచూసి, గొలుసుకు నూనె వేసి తిరుగుబస్సెక్కాం.

ఆ సంగతి చెబితే ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అంటే యాదో ఒకదాంట్లో ఉండాది గదా" అంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేది. ఇచ్చిన సైకిళ్ళను పిల్లలు పంచర్లకనీ, బ్రేకులకనీ మళ్ళీ మా దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆమె పాత చీర ముక్కతో ప్రతి బండినీ తుడిచేది. హ్యాండిలు పట్టుకుని కాసేపు నిలబడేది, సీటు మీద చెయ్యి వేసి చూసేది. వద్దమ్మా అనడానికి మాకు నోరు రాలేదు. నాకు కోపం వచ్చేది, ఎవరి మీదో చెప్పలేను. ఒక్కోసారి ఆమె రాకపోతే బాగుండునని కూడా అనుకునేవాణ్ణి, అయినా ఆమె కనిపించగానే నేనే స్టూలు వేసేవాణ్ణి. సాయంత్రం భర్త వచ్చి రోడ్డవతల నిలబడేవాడు. షెడ్డులోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. ఆమె చెయ్యి కడుక్కుని బయటికొస్తే, ఇద్దరూ ఎడంగా నడిచిపోయేవాళ్ళు.

చివరికి మిల్లు అమ్ముడుపోయింది. షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు. సారు కాళ్ళావేళ్ళా పడ్డా ప్రయోజనం లేకపోయింది. సామానంతా పాత ఇనప సామాను కొనేవాళ్ళు ఎత్తుకుపోయాక, ఎవరికీ ఇవ్వని ఆకుపచ్చ సైకిల్ ఒకటి గోడకు ఆనించి మిగిలింది. ఆమె అలవాటుగా చీర ముక్క తీసుకుని వచ్చింది. ఖాళీ షెడ్డు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంక ఆ బండ్లు యాడికొస్తాయి నాయనా?"

సారు ఆ మిగిలిన సైకిల్‌ని తెచ్చి ఆమె చేతికిచ్చారు. "తీసకపోమ్మా. వసారాలో పెట్టుకో" అన్నారు. ఆమె దాన్ని కిందికీ పైకీ చూసింది. పెడలు తిప్పింది. తర్వాత నన్నడిగింది.

"దీంట్లో వాడి బండిది ఏమన్నా ఉండాదా?"

ఉందమ్మా అంటే సరిపోయేది. అబద్ధం చెప్పడం కూడా నా వల్ల కాలేదు.

"తెలీదమ్మా" అన్నాను.

"సరేలే" అంది ఆమె. "వాడొచ్చినాక వాడే చెప్తాడు."

సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటింది. ఆమె భర్త ఆ సైకిల్‌ని చూశాడు. ఏమీ అడగకుండా, రెండోవైపు నుంచి హ్యాండిలు పట్టుకున్నాడు.