గంగ ఒడ్డున నీళ్లు కోసే పిట్ట

మొన్న ఆదివారం మా మనవరాలు పిట్టలను చూపించే ఒక బృందంతో కలిసి అడవికి పోయి వచ్చింది. పొద్దున్నే వ్యానులో తీసుకుపోయి, దుర్భిణీలు చేతికిచ్చి, కనిపించిన ప్రతి పిట్ట పేరూ చెప్పి, మధ్యాహ్నం భోజనం పెట్టి ఇంటి ముందర దింపారట. అన్నీ చెప్పి, నువ్వెప్పుడైనా ఇట్లా పోయావా తాతా అని అడిగింది. పోయానన్నాను. అక్కడ నేనేం చేసి వచ్చానో మాత్రం దానికి చెప్పలేకపోయాను. నా ఈడువాళ్లకైతే అర్థమవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆరేడేళ్లయిన రోజులవి. మాది మందమర్రి. బాపు బొగ్గుబావిలో పని చేసేవాడు. దగ్గు ముదిరి ఇక బావిలోకి దిగలేని స్థితి వచ్చేసరికి, తన బదులు నన్ను పెట్టించాలని ఆయన పట్టుబట్టాడు. నాకేమో పంతుళ్ల ట్రైనింగుకు పోవాలని ఉంది. దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నాను. ఏప్రిల్ నెల ముగిసేలోగా ఉత్తరం రాకపోతే బావిలో చేరతానని మాట ఇచ్చాను. ఇక నాలుగు రోజులే మిగిలాయి. పడుకుంటే కాళ్లు ఆగేవి కావు, పోస్టుమ్యాన్ వచ్చే వేళకు గంట ముందే కాలనీ చివరకు పోయి అటూ ఇటూ తిరుగుతుండేవాణ్ణి. నన్ను కన్న అవ్వే నన్ను చూడలేక తలుపు వేసుకునేది.

అప్పుడు మా అక్క భర్త వచ్చాడు. బావ చెన్నూరులో డ్రాయింగు మాస్టరు. ఆయనకు పిట్టల బొమ్మలు వేయడం ఒక పిచ్చి. మా వైపు గోదావరిని గంగ అంటారు. ఎండాకాలంలో ఆ గంగ ఉత్తరపు ఒడ్డున తేలే ఇసుక మేటల మీద, ఎర్రటి ముక్కుతో నీళ్లను చీల్చుకుంటూ ఎగిరే పిట్ట ఒకటి వాలుతుందని విని, మూడేళ్లుగా పోతూనే ఉన్నాడు, ఒక్కసారీ కనిపించలేదు. పైగా ఆయనకు సిరిసిల్లకు బదిలీ అయింది. బడి తెరిచేనాటికి అక్కడ ఉండాలి. అంటే ఈ ఒడ్డున ఆయనకు ఇదే చివరి ఎండాకాలం. నా వాలకం చూసి, "రెండు దినాలు నా ఎంబడి రా బామ్మర్ది. నువ్వీడ కూసున్నా ఉత్తరం జల్ది రాదు" అన్నాడు. ఒక్కొక్కసారి అనిపిస్తుంది, ఆయన అంత మంచివాడు కాకపోయి ఉంటే బాగుండేదని.

మాకు దారి చూపినది ఇసుకలో పుచ్చతోట వేసుకునే ఒక బెస్త పెద్దమ్మ. భర్త పోయాక ఒక్కతే ప్రతి ఎండాకాలం గుడిసె వేసుకొని ఆ ఇసుకలోనే ఉండేది. ఏ పిట్ట ఎక్కడ గుడ్లు పెట్టేదీ, ఏ మడుగులో మొసలి పడుకునేదీ ఆమెకు తన తీగలంత బాగా తెలుసు. మొదటి రోజంతా ఒడ్డు వెంబడి నడిపించింది. నీటికుక్కల అడుగులు తడి ఇసుకలో చూపించింది, ఎండకు నోరు తెరుచుకొని పడుకున్న మొసలిని దూరం నుంచే చూపించింది, లకుముకి పిట్ట దూరే బొరియ చూపించింది. బావ అడుగడుగునా ఆగి గీసుకుంటున్నాడు. నేను మాత్రం ముందుకు పోవడం, వెనక్కి రావడం, వేళెంతయిందని అడగడం. ఈపాటికి పోస్టుమ్యాన్ మా వీధికి వచ్చి ఉంటాడన్నదే నా ధ్యాస. పెద్దమ్మ చూసి చూసి, "గట్ల ఉరుకుతే ఏం గానొస్తది కొడుకా? జర నిలబడు. అవే నీ కాడికొస్తయి" అంది.

రెండో రోజు తెలతెలవారుతుండగా తోట చివర తడిక వెనుక ముగ్గురం బోర్లా పడుకున్నాం. ముందు ముప్ఫై అడుగుల దూరంలో, నల్లటి టోపీ పెట్టుకున్నట్టుండే తెల్లటి పిట్టలు ఉత్త ఇసుకలోనే గుడ్లు పొదుగుతున్నాయి. వాటి అవతల నీళ్లు. పొద్దెక్కేదాకా కదలొద్దని పెద్దమ్మ ముందే చెప్పింది. చాలాసేపటికి బావ నా మణికట్టు పట్టుకున్నాడు. దూరంగా నీళ్ల మీద సన్నటి గీత ఒకటి పడుతూ మా వైపే వస్తోంది. గీత ముందు ఎర్రటి ముక్కు.

సరిగ్గా అప్పుడే వెనుక చెన్నూరు బాట మీద బస్సు హారను మోగింది. తొలి బస్సు. అది అందితే పోస్టుమ్యాన్ వేళకు ఇంట్లో ఉంటాను. లేవాలని నేను అనుకోనైనా లేదు, చూసుకునేసరికి లేచి నిలబడి ఉన్నాను. ఇసుక మేట మొత్తం ఒక్కసారి అరుస్తూ ఆకాశంలోకి లేచింది. ఆ గీత తెగిపోయింది. ఎర్ర ముక్కు పిట్ట గిరుక్కున తిరిగి దిగువకు వెళ్లిపోయింది.

కాకులు దిగాయి. చూస్తుండగానే ఒకటి గుడ్డు ఎత్తుకుపోయింది. తరుముదామని నేను పరుగెత్తబోతే పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టి ఆపింది. "నువ్వురికితే ఉన్న గుడ్లు కాలికింద పోతయి. ఎనుకకు రా. మనం పోతెనే తల్లులు దిగుతయి." ముగ్గురం గుడిసె దాకా వెనక్కి నడిచి నిలబడ్డాం. మేం చూస్తుండగానే కాకి రెండోసారి వచ్చి పోయింది. తరువాత తల్లి పిట్టలు ఒక్కొక్కటే దిగాయి. అన్ని రోజుల్లో నేను కదలకుండా నిలబడింది ఆ కాసేపే. బావ పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఇంటికి వచ్చి చూస్తే ఉత్తరం రాలేదు. నెల ముగిసినా రాలేదు. మాట ప్రకారం బావిలో దిగాను. ఐదో రోజున ఉత్తరం వస్తే, బాపే దగ్గుకుంటూ బావిగడ్డ దాకా నడిచొచ్చి, మసి చేతులతో ఉన్న నాకు అందించి, "పో బిడ్డా, సదువుకో" అన్నాడు. అట్లా నేను పంతులునయ్యాను. జమ్మికుంటలోనే సగం నౌకరీ గడిచింది.

బావ సిరిసిల్ల నుంచి ఒకటి రెండుసార్లు వెళ్లి వెతికాడని అక్క చెప్పింది. ఆ పిట్ట ఆయనకు మళ్లీ కనిపించలేదు. ఆయన పెద్దవాడయ్యాక, ఒకరోజు ధైర్యం చేసి ఆ మాట ఎత్తాను. ఆయన నవ్వి, "పోంగ దాని ఈపన్నా సూసిన గద బామ్మర్ది. శానమందికి గదీ లేదు" అన్నాడు. ఆ తరువాత ఏడాది తిరగకుండానే పోయాడు.

ఇప్పుడు నదికి అడ్డంగా కట్టలు వచ్చాయి. ఎండాకాలంలో కూడా నీళ్లు రెండు ఒడ్లనూ ఒరుసుకొని నిలుస్తున్నాయి. పొలాలకు మంచిదే, నేను కాదనను. కాని పుచ్చతోటలు పెట్టిన ఆ మేటలు, వాటి మీద ఉత్త ఇసుకలో గుడ్లు పెట్టిన పిట్టలు, అన్నీ ఆ నీళ్ల అడుగుకు పోయాయి. నాకిప్పుడు ఏ ఉత్తరమూ రావలసింది లేదు, అందుకోవలసిన బస్సూ లేదు. పొద్దెక్కేదాకా కాదు, పొద్దుగూకేదాకా బోర్లా పడుకొని చూడగలను. పడుకోవడానికి ఆ ఇసుక లేదు, పక్కన బావ లేడు.